సందు మొగలో రెండు హారన్లు

మార్చి 4, మంగళవారం

పుస్తకం వచ్చింది. తమ్ముడు రాజేంద్ర పంపించాడు. నాన్నని చంపిన రోజు గురించి నాలుగు వందల పేజీలు రాశాడట ఆ ఢిల్లీరావు, టెక్కలి కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనాయన. వచ్చే నెల ఇరవయ్యో తేదీ, నాన్న వర్ధంతి నాడు, కాశీబుగ్గలో సభ పెట్టి విడుదల చేస్తారు. సభ నాన్న కోసం కాదు, తమ్ముడి ఎన్నికల టికెట్టు కోసం. ఆ సంగతి మా వీధి కుక్కకి కూడా తెలుసు.

నేను బీరువా మీద పడేద్దామనుకున్నాను. అమ్మ చూసేసింది. ‘డయాలసిస్‌కి అట్టుకురా. ఆ మిషను మొహం సూసే బదులు నువ్వు సదువుదువు గాని, నేనింటాను’ అంది.

పలాస ఆసుపత్రిలో డయాలసిస్ హాల్లో అమ్మది రెండో మంచం. నాలుగో మంచం మీద అప్పన్న. నాన్న కారు తోలినవాడు. నాన్నని చంపించినవాడు. కిందటి నెల నుంచి వాడికీ మా షిఫ్టే ఇచ్చారు. మమ్మల్ని మార్చమని టెక్నీషియన్ రాణిని అడిగాను. ‘ఉద్దానంలో సగం మందికి కిడ్నీల్లేవు మేడమ్. ఎవులికెవులితో పడదో సూసి మంచాలెయ్యాలంటే నా వల్ల కాదు’ అంది. దీని నోరు పడ.

అమ్మకి సూదులు పెట్టి మిషను ఆన్ చేశాక ముందుమాట మొదలుపెట్టాను.

‘గట్టిగా సదువు. ఆ మూల దాకా వినబడాల’ అంది అమ్మ.

గట్టిగానే చదివాను. సిగ్గేమీ వెయ్యలేదు. వాడు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. లాక్కోనీ. దుప్పటి కప్పితే చెవులు మూసుకుపోతాయా?

మార్చి 6, గురువారం

ఢిల్లీరావు మా ఇంట్లో అడుగు పెట్టకుండానే మా పెరడంతా వర్ణించేశాడు. నూతి పక్కన మామిడి చెట్టు, దాని కింద చల్లని నీడ. మాది మునగ చెట్టు మహానుభావా. గొంగళిపురుగులు రాలే ఆ చెట్టు కింద ఎవడూ నిలబడడు. మునగ చెట్టు కింద మహానాయకుడు చచ్చిపోతే పుస్తకానికి బరువు తగ్గుతుందనుకున్నాడు కాబోలు.

అమ్మ మాత్రం ‘బాగానే రాసినాడు’ అంది. అమ్మకి ఎవరైనా నచ్చడం నేను చూడలేదు. నచ్చింది వీడు.

మార్చి 8, శనివారం

ఈ రోజు ఏడో అధ్యాయం. ఆ రోజు.

నాన్న సుమ్మాదేవిలో ఒకరు పోతే పలకరించడానికి వెళ్లాడు. సావింటికి వెళ్లొచ్చినవాళ్లు మా ఇంట్లో వీధి గుమ్మం తొక్కరు, దారిలో ఇంకో ఇంట ఆగరు. తిన్నగా పెరటి తలుపులోంచి వచ్చి, నూతి దగ్గర తల మీద నీళ్లు పోసుకుని, పొడిబట్ట కట్టుకున్నాకే లోపలికి. ‘స్థానిక ఆచారం’ అని ఒక్క ముక్కలో తేల్చేశాడు ఢిల్లీరావు. నాన్న రివాల్వరు కారులో వదిలేసి పెరట్లోకి వెళ్లాడు. గన్‌మన్ టీ కోసం వీధరుగు మీదికి పోయాడు. పెరట్లో పురుగు లేదు. జీడితోట వైపు గోడ దూకి ముగ్గురు వచ్చారు. నాన్న మొదటి చెంబు పోసుకున్నాడో లేదో.

అంతకు ముందే, సందు మొగలో అప్పన్న రెండుసార్లు హారను కొట్టాడు. ‘ఆ రెండు హారన్లే మృత్యుసంకేతం’ అని రాశాడు. కోర్టూ అదే చెప్పింది. నరికినవాళ్లలో ఒకడూ దొరకలేదు. నరికించిన పెద్దమనిషి సాక్ష్యం లేదని బయటపడి, ముసలితనంలో సుఖంగా పోయాడు. జైలుకి పోయింది అప్పన్న ఒక్కడే.

నేను అప్పుడు టెక్కలి హాస్టల్లో పదో తరగతి. నన్ను తీసుకొచ్చేసరికి నూతి గట్టు కడిగేశారు. నాకు నాన్న చావంటే నేను విననే వినని ఆ రెండు హారన్లు. బస్టాండులో ఏ బస్సువాడైనా వరసగా రెండు కొడితే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

‘మృత్యుసంకేతం’ దగ్గర నేను ఆగి, మళ్లీ చదివాను. ఇంకాస్త పెద్దగా. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. హాల్లో అన్ని మంచాలూ వింటున్నాయి.

బయట కుర్చీల దగ్గర అప్పన్న కూతురు నూకరత్నం నా దారికి అడ్డంగా నిలబడింది.

‘పాపగోరూ, కాసింత మెల్లగా సదవండి.’

‘ఏం, మీ అయ్యకి నిద్ర పట్టడం లేదా?’

‘మీ అమ్మగోరు మీ పక్కనే ఉన్నారు కదా. మా అయ్య ఆ సివర్నున్నాడు. ఎవులి కోసం అరుత్తన్నారు?’

‘ఎవరి కోసమో నీకు తెలియదా?’ అని వచ్చేశాను. దానికి నన్ను అడిగే హక్కు ఎక్కడిది? తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడి కూతురు.

మార్చి 11, మంగళవారం

సాక్ష్యాల అధ్యాయం. కోర్టులో ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు ఎత్తి రాశాడు. ఇందులో మాత్రం వర్ణనలు లేవు, బతికించాడు.

అప్పన్న మాట: ‘హారను కొట్టమని అమ్మగారే చెప్పినారు. సావింటి నుంచి వచ్చినప్పుడల్లా కొడతాను.’

అమ్మ మాట: ‘నేను చెప్పలేదు. మా ఇంట్లో అటువంటి అలవాటు లేదు.’

నేను ఈ రెండో మాటని ఊళ్లోకి వినబడేలా చదివాను. నాలుగో మంచం మీద దుప్పటి కదిలింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి వాడి గొంతు విన్నాను.

‘ఆ ముక్క ఇంకోసారి సదవండి పాపగోరూ.’

సంతోషంగా చదివేదాన్ని. అమ్మ నా మణికట్టు పట్టుకుంది, సూదులు లేని చేత్తో. ‘సాలు. తర్వాత కాయితానికి ఎల్లిపో’ అంది.

వాడు అడిగాడని ఒళ్లు మండి ఉంటుంది. మరి నాకూ మండింది.

మార్చి 13, గురువారం

చదివాను. రాయడానికేమీ లేదు.

మార్చి 16, ఆదివారం

నందిగాంలో అమ్మ పెదనాన్న కూతురు పోయింది. వద్దంటే వినదు. ‘దాని పెళ్లిలో పప్పు రుబ్బినాను, సావుకి ఎల్లనా?’ అని ఒకటే పోరు. మణికంఠ కారు తెచ్చాడు. ఈ డయాలసిస్ మొదలయ్యాకే తమ్ముడు మాకు కారు, డ్రైవరు ఇచ్చాడు. అంతకు ముందు అమ్మ ఎక్కడికెళ్లినా బస్సో ఆటోనో. నాన్న పోయిన నెలలోనే ఆ కారు అమ్మేసింది.

వచ్చేటప్పుడు దారంతా నిద్రపోయింది. మా సందు దగ్గరికొచ్చేసరికి కళ్లు తెరిచింది.

‘ఒరే మణికంఠా, సందు మొగలో రెండు మాట్లు హారను కొట్టు.’

‘ఎందుకమ్మా? రోడ్డు మీద ఎవులూ లేరు కదా.’

‘ఇంట్లో మనవరాలు కడుపుతోటుంది. సావింటి నుంచి వొచ్చినోళ్లకి ఎదురు రాకూడదు. హారను ఇంటే లోపలికెల్లిపోతాది. పెరట్లోన కూడా ఎవులూ ఉండకూడదు. కొట్టు.’

కొట్టాడు. రెండు.

ఇంట్లో తలుపు మూసిన చప్పుడు నాకు కారులోకి వినిపించింది. పెరటి తలుపు తీసి ఉంది. నూతి గట్టు మీద రెండు బకెట్లు, దండెం మీద పొడిచీరలు. పెరట్లో పురుగు లేదు.

అమ్మకి నీళ్లు పోశాను. నేనూ పోసుకున్నాను. జీడితోట వైపు గోడ చూస్తూ పోసుకున్నాను.

తర్వాత నా కూతురు జాహ్నవిని అడిగాను, గదిలో ఎందుకు దూరావని. అది పురిటికి వచ్చి నెల కాలేదు. ‘అమ్మమ్మే వెళ్తూ చెప్పింది కదా. రెండు హారన్లు వింటే తలుపేసుకోమని, వాళ్ల స్నానాలయ్యేదాకా బయటికి రావద్దని’ అంది.

మార్చి 17, సోమవారం

అమ్మకి డెబ్బై తొమ్మిది. ఈ వయసులో కొత్త చాదస్తాలు పుడతాయి. టీవీలో ఎవడో స్వామి చెప్పి ఉంటాడు. కారు వచ్చాక పుట్టిన అలవాటు, అంతే.

అమ్మ కోర్టులో అబద్ధం చెప్పదు. మొగుడు పోయిన మనిషి ఎలా చెబుతుంది?

సాయంత్రం. నాన్న పోయిన రోజు ఇంట్లో మా పిన్నికి నిండు నెలలు. పిన్ని కొడుకు సుమన్ పుట్టింది ఆ నెలాఖరునే. ఏటా వాడి పుట్టినరోజుకి ఫోను చేసి ‘నాన్న పోయిన నెలే నువ్వు వచ్చావురా’ అని నేనే అంటాను.

అమ్మ అబద్ధం చెప్పదు.

మార్చి 18, మంగళవారం

పుస్తకం తీసుకెళ్లలేదు. ‘బుక్కేదే?’ అంది అమ్మ. మరిచిపోయానన్నాను. ‘అన్నం మరిసిపోతావేటి?’ అని మొహం తిప్పుకుంది.

నాలుగ్గంటలు మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. బయటికి వచ్చి నూకరత్నం పక్క కుర్చీలో కూచున్నాను. ఎందుకు కూచున్నానో నాకే తెలియదు. అది జరిగి కూచుంది.

‘ఏటి, ఈవేళ సదువు లేదా?’

‘మీ అయ్య జైలు నుంచి వచ్చాక ఏం చేసేవాడు?’

‘ఏటి సేత్తాడు? వలలు కుట్టీవోడు. తెప్ప ఎక్కనిచ్చినారా? కూడెట్టినోడి పీక కోయించినోడు తెప్పలో ఉంటే గంగమ్మ ఒప్పదని, పేటలో ఒక్కడూ ఎక్కనీలేదు. మాయమ్మ ఆ మాట మోసుకునే పోయింది. నా పెళ్లికి మా ఊరోళ్లు బంతికి కూకోలేదు.’ నా మొహంలోకి చూసి, ‘మీకెందుకు ఇదంతా? బుక్కులో రాత్తారేటి?’ అంది.

దాని మొహం పగలగొట్టాలనిపించింది. దానిది కాదేమో, ఎవరిదో ఒకరిది.

మార్చి 19, బుధవారం

అడిగేశాను.

అమ్మ పెరట్లో కుర్చీ వేసుకుని పళ్లెంలోకి మునగాకు దూస్తోంది. పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి, ఆవిడ ఒళ్లో పెట్టాను.

‘మన ఇంట్లో ఆ అలవాటు లేదని చెప్పావు.’

‘అవును.’

‘మొన్న మణికంఠ చేత కొట్టించింది ఏమిటి మరి?’

మునగాకు దూయడం ఆపలేదు. ‘అది ఇప్పటి మాట.’

‘పిన్ని కడుపుతో ఉంది అప్పుడు.’

‘ఉంటే?’

‘అమ్మా, నా మొహం చూసి చెప్పు.’

చూడలేదు. నేను కదలలేదు. ఆవిడ మొండితనంలో సగం నాకూ వచ్చింది కదా.

‘మీ నాన్నకి ఇవేటీ పట్టవు’ అంది చివరికి, పళ్లెంతో చెబుతున్నట్టు. ‘సావింటి నుంచి సరాసరి వీధి గుమ్మంలోంచి వొచ్చీసేవోడు, పది మందితోటి. నేనే ఒట్టేయించుకున్నాను. ఇంట్లోన కడుపుతోటున్న మనిషుందని, పెరట్లోంచి రమ్మని. హారను కొట్టమని అప్పన్నకి నేనే సెప్పినాను. హారను వినబడగానే పాలేరుని లోపలికి పొమ్మన్నదీ నేనే. పెరడంతా కాళీ సేసి పెట్టినాను జయా, ఆళ్ల కోసం సేసినట్టు. అక్కడ ఒక్క మనిషి ఉన్నా ఆయన కేకైనా వినబడును.’

పుస్తకం ఆవిడ ఒళ్లోంచి తీసుకున్నాను.

‘ప్లీడరు అడిగినాడు, నువ్వు సెప్పినావా అని. అవునంటే ఏటి? మొగుణ్ని సంపుకున్నది నేనేనని అంతమందిలో సెప్పాలా? నోరు రాలేదు. లేదన్నాను. ఒక్క మాటే కదా అన్నాను.’

‘ఆ ఒక్క మాటకి ఒక మనిషి జైలుకి పోయాడు.’

‘తెలుసు.’

‘తెలిసి, వాడికి వినబడేలా నా చేత చదివించావు. నాకు అప్పటి నుంచీ వాణ్ని తిట్టడం నేర్పించావు.’

‘తిట్టకపోతే నేనెలాగ బతకాల?’ అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే కొంచెం జాలైనా పడేదాన్ని. పళ్లెం తీసి లోపలికి వెళ్లిపోయింది, గోడ పట్టుకుని.

మార్చి 20, గురువారం

తీసుకెళ్లాను, తీసుకొచ్చాను. మాటల్లేవు.

మార్చి 22, శనివారం

కారెక్కేటప్పుడు ‘బుక్కు అట్టుకురా’ అంది.

మిషను మొదలయ్యాక ‘ఆ సాచ్చికాలు సదువు’ అంది. నేను చదవనన్నాను. ‘సదువు. ఎప్పుడూ సదివినట్టే సదువు.’ చదివాను. అప్పన్న మాట, అమ్మ మాట. ఎప్పుడూ చదివినట్టు రాలేదు.

అమ్మ తల అటు తిప్పింది.

‘అప్పన్నా.’

దుప్పటి కదల్లేదు.

‘అప్పన్నా. హారను నేనే కొట్టమన్నాను.’

వాడు దుప్పటి తీశాడు. వాడు జైలుకి పోయాక నేనా మొహాన్ని సరిగ్గా చూడటం అదే మొదటిసారి. ఉబ్బిపోయి ఉంది, మా అమ్మ మొహంలాగే. అందరివీ అలాగే ఉంటాయి ఆ హాల్లో.

‘నాకు సెప్తారేటి అమ్మగోరూ?’ అన్నాడు. ‘కొట్టినోడ్ని నానే కదా. నాకు తెల్దా? మా పేటోళ్లకి సెప్పండి.’

మళ్లీ దుప్పటి లాక్కున్నాడు. రాణి వచ్చి అమ్మకి బీపీ చూసింది, పెరిగిందంది. పెరగక ఏమవుతుంది?

మార్చి 23, ఆదివారం

తమ్ముడు వచ్చాడు. హాల్లో సంగతి ఎవరో మోశారు. పలాసలో ఆరిపోయేది కరెంటే, కబురు కాదు.

‘నీకేమైనా పిచ్చా అక్కా? అమ్మంటే పెద్దది. నువ్వేం చేస్తున్నావు అక్కడ?’

‘చదువుతున్నాను. నువ్వే కదా పంపించావు.’

‘వచ్చే నెల సభ. పై నుంచి పెద్దలొస్తారు. ఇప్పుడు కోర్టులో మా అమ్మ అబద్ధం చెప్పిందని ఊరంతా అనుకుంటే నా పరిస్థితేంటి?’

‘అప్పన్న పరిస్థితేంటి?’

‘వాడి పని అయిపోయింది. జైలూ అయిపోయింది. నాన్న పేరు మీద మనం బతకాలి.’

‘మనం కాదు. నువ్వు.’

కప్పు బల్ల మీద పెట్టిన తీరుకి టీ అంతా ఒలికింది. తుడవలేదు. అమ్మ దగ్గరికి వెళ్లి మంచం పక్కన కూచుని చెయ్యి పట్టుకున్నాడు. ‘ఆ పేట వైపు వెళ్లకమ్మా. సభ అయ్యాక ఏదో ఒకటి చేద్దాం. ఆ కుటుంబానికి నేను చూసుకుంటాను’ అని ముద్దుగా చెప్పాడు. అమ్మ సరేనంది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. సరేనంది.

కొడుకుకి సరే. అప్పన్నకి ఒక్క మాట, అదీ మంచం మీద పడుకుని. నాకు వంట చెయ్యాలనిపించలేదు. జాహ్నవి చేసింది.

మార్చి 27, గురువారం

అప్పన్న రాలేదు. వాళ్ల పేట నుంచి ఆటో దొరకలేదేమో.

అమ్మ రెండుసార్లు అటు చూసింది.

మార్చి 29, శనివారం

రాలేదు. రాణిని అడిగాను. ఒంట్లో నీరు చేరి శ్రీకాకుళం తీసుకెళ్లారట. మిషను మీద ఉంటానన్నా గుండె ఒప్పుకోవడం లేదట.

‘సభ అయ్యాక ఏదో ఒకటి చేద్దాం’ అని తమ్ముడి గొంతుతో నేనే పైకి అన్నాను, అమ్మకి వినబడాలని. అమ్మ కళ్లు మూసుకుంది. నాకు కళ్లు మూసుకునేవాళ్లని చూస్తే అసహ్యం పుడుతోంది ఈ మధ్య.

ఏప్రిల్ 3, గురువారం

నాలుగో మంచం మీద నౌపడ నుంచి వచ్చిన ఉప్పు మడుల మనిషి. కొత్తవాడు, ఎంతసేపు పడుకోవాలని అందరినీ అడుగుతున్నాడు.

అప్పన్న నిన్న పోయాడు.

రాణి అమ్మకి చెప్పకండి అంది. నేను చెప్పాను. చెప్పి ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాను. నన్ను దుర్మార్గురాలనుకోనీ ఎవరైనా.

మిషను ఆగాక అమ్మ, సూదులు తీసిన చోట దూది అదుముకుంటూ, ‘ఆ పేటకి కారు ఎల్తాదా?’ అంది.

ఏప్రిల్ 5, శనివారం

తమ్ముడు నాలుగుసార్లు ఫోను చేశాడు. అమ్మ ఎత్తలేదు. ఐదోసారి నేనెత్తి, అమ్మ స్నానం చేస్తోందన్నాను. నా పక్కనే కూచుని మందులు వేసుకుంటోంది.

ఏప్రిల్ 6, ఆదివారం

వెళ్లొచ్చాం.

జీడితోటలన్నీ పళ్లు రాలి పులిసిన వాసన. అమ్మ కిటికీ దించమంది. పేట మొదట్లోనే ఇసక వచ్చింది, కారు ఇక దిగబడుతుందన్నాడు మణికంఠ. అమ్మని ఒక పక్క నేను, ఒక పక్క అతను పట్టుకుని నడిపించాం. ఆవిడ కాళ్లు ఇసకలో కూరుకుపోతున్నాయి. ఆగిపోదామన్నాను. నా మాట విన్నదెప్పుడు గనక?

అప్పన్న ఇంటి ముందు టార్పాలిన్ వేసి ఉంది. ఆడవాళ్లు లోపల, మగవాళ్లు బయట, వల ముందేసుకుని కొందరు. మమ్మల్ని చూసి అందరూ మాటలు ఆపేశారు. ఒక్కరూ లేవలేదు, కుర్చీ వెయ్యలేదు. ‘ఈయమ్మ ఎందుకొచ్చింది?’ అన్నారెవరో, మెల్లగా కూడా కాదు.

నూకరత్నం గుమ్మంలోకి వచ్చింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

అమ్మ టార్పాలిన్ రాట పట్టుకుని నిలబడింది.

‘అప్పన్న తప్పేటీ లేదు’ అంది. ‘హారను కొట్టమన్నది నేను. సావింటి నుంచి వొచ్చినప్పుడు ఎదురు రాకూడదని నేనే కొట్టమన్నాను. కోర్టులోన లేదని అబద్ధమాడినాను. ఆడు మాకు ఏ ద్రోహమూ సెయ్యలేదు.’

ఆవిడ గొంతు సముద్రం హోరులో కలిసిపోయింది. ఇంక చాలు, పదమందామనుకున్నాను.

నూకరత్నం మెట్టు దిగి వచ్చింది. దాని కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతులో లేవు.

‘గట్టిగా సెప్పండి అమ్మగోరూ’ అంది. ‘ఆ సివర్నున్నోళ్లకి వినబడలేదు.’

అది నా వైపు కూడా చూసింది. నేను తల దించుకున్నాను.

అమ్మ రాటని రెండు చేతులా పట్టుకుంది. ఊపిరి తీసుకుంది. మొదటి నుంచి మళ్లీ చెప్పింది, ఊరంతా వినబడేట్టు. ‘అబద్ధమాడినాను’ దగ్గర గొంతు చీలింది. అయినా ఆపలేదు. వల దగ్గర కూచున్న ఒక ముసలాయన లేచాడు. ‘ఆడు నా తెప్ప ఎక్కుతానని ఎన్ని మాట్లు అడిగినాడో’ అన్నాడు, అమ్మతో కాదు, ఎవరితోనూ కాదు. ‘ఇప్పుడా సెప్తావమ్మా?’

అమ్మ రాట వదిలి నా భుజం పట్టుకుంది.

సావింట్లో వెళ్లొస్తామని చెప్పకూడదు. చెప్పకుండానే తిరిగాం. వెనక నుంచి ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు, అమ్మని అందులో కూచోబెట్టి కారు దాకా ఇద్దరు మోశారు. నూకరత్నం తెమ్మందో, వాళ్లే తెచ్చారో చూడలేదు. వాళ్లు మాతో ఒక్క ముక్క మాట్లాడలేదు.

దారిలో తమ్ముడి ఫోను మోగుతూనే ఉంది. మాట మాకంటే ముందే కాశీబుగ్గ చేరిపోయిందన్నమాట. ఢిల్లీరావుకి కూడా నేనే ఫోను చేశాను, కారులోంచే. హారను సంగతి తప్పని, అమ్మ తన నోటితో చెబుతుందని. ‘పుస్తకాలు అచ్చయిపోయాయండీ’ అన్నాడు. అయితే చింపండి అన్నాను. మామిడి చెట్టు సంగతి కూడా చెప్పాను.

మా సందు మొగ వచ్చింది. మణికంఠకి ఇప్పుడు అలవాటైపోయింది. అడక్కుండానే హారను మీద చెయ్యి వేశాడు.

‘వొద్దు’ అంది అమ్మ.

అతను అద్దంలోంచి నన్ను చూశాడు. ‘జాహ్నవమ్మ ఎదురొచ్చేస్తారేమో అమ్మా.’

‘రానీ. ఎవులెదురొస్తే ఆళ్లని రానీ.’

పెరటి వైపు తిప్పబోతే అదీ వద్దంది. వీధి గుమ్మం ముందు ఆపించింది. జాహ్నవి అరుగు మీద కూచుని ఉంది, హారను వినబడుతుందని ఎదురుచూస్తూ. కారుని చూసి కంగారుగా లేచి లోపలికి పోబోయింది.

‘ఉండవే’ అంది అమ్మ. ‘పోకు. నా సెయ్యి అట్టుకో.’

అది నా వైపు చూసింది. నేను తలూపాను. అది కడుపు పట్టుకుని మెల్లగా మెట్లు దిగి, వచ్చి, అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.